చెప్పులు విప్పి కొలిచిన స్కీ కర్రలు

నేను ఈ జన్మలో మంచు మీద కాలు పెట్టలేదు. మంచుకొండను చూసింది గోడ క్యాలెండర్లోనే. అయినా ఒక ఏడాది, కొండ మీద నుంచి మంచులో జారే పిల్లలకు, ఎంత ఎత్తుకు ఎంత పొడవు కర్ర ఉండాలో తేల్చి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టిన మనిషిని నేనే. ఆ కాగితం వల్ల ఒకాయన ఉద్యోగం పోబోయింది. కొత్తగా ఇన్‌స్పెక్షన్ పనిలో చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. "మీ రోజుల్లో మీరు చాలా స్ట్రిక్టంట కదా మేడమ్" అంటారు. వాళ్ళు మెచ్చుకోలుగానే అంటారు. నాకు మాత్రం ఆ మాట వినగానే ఈ కర్రలు గుర్తొచ్చి నోరు పెగలదు. అందుకే నోటితో చెప్పలేనిది రాసి పెడుతున్నాను.

తొంభైల చివర్లో నేను హోసూరు పక్కన మూకండపల్లి దగ్గర ఒక అల్యూమినియం గొట్టాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌ని. గుడారాల కర్రలు, కర్టెన్ రాడ్లు, మడత మంచాల కాళ్ళు, ఇవీ మేము చేసేవి. రోజూ మత్తిగిరి నుంచి టౌన్ బస్సులో నిలబడి వచ్చేదాన్ని. ఎంత నలిగి దిగినా ఎనిమిదిన్నరకల్లా ఇన్‌స్పెక్షన్ గది తాళం తీసేదాన్ని. ఆ గది నా రాజ్యం. గుమ్మం పక్కన ఎర్ర పెయింటుతో ఒక బోర్డు రాయించాను. తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ ఒకటే మాట: చెప్పులు బయట.

దానికి కారణం ఉంది. మెషిన్ల మధ్య తిరిగిన చెప్పులకు అల్యూమినియం పొట్టు గుచ్చుకుని వస్తుంది. అది నేల మీద రాలి, రంగు వేసిన గొట్టాలకు గీతలు పెడుతుంది. గీత పడిన గొట్టం వెనక్కి పోవాల్సిందే. పైగా గదిలో అమ్మవారి పటం ఒకటి ఉండేది. కాబట్టి నా నియమానికి శాస్త్రమూ ఉంది, భక్తీ ఉంది. సేలం వైపు నుంచి వచ్చిన మా వర్క్స్ మేనేజరు కూడా గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూటు లేసు విప్పుకునేవారు. ఆయన్ను అలా చూడడం నాకు ఎంతో హాయిగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కటింగ్ మెషిన్ మీద కల్లావి అనే ఊరి నుంచి వచ్చిన ఒకాయన పనిచేసేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ కల్లావిలో. ఆదివారం పోయి సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చేవాడు. పర్మినెంట్ అయితే వాళ్ళను హోసూరుకు తెచ్చుకోవాలని, పిల్లలను ఇక్కడి బడిలో వేయాలని ఆశ. తను కోసిన ప్రతి గొట్టం అంచునూ బొటనవేలితో తడిమి చూసుకునే అలవాటు. మాట తక్కువ. ఏమన్నా అంటే "సరేమ్మా" అనేవాడు.

ఆ ఏడాది ఉత్తరాన కొండల్లో ఉన్న ఒక చిన్న స్కీయింగ్ బడి నుంచి ఆర్డర్ వచ్చింది. విదేశీ కర్రలు వాళ్ళకు అందుబాటులో లేవట. మా గుడారం కర్రలు ఎక్కడో చూసి, ఈ గొట్టంతో స్కీ కర్రలు చేయగలరా అని అడిగారు. ఏడు ఎత్తుల జాబితా పంపారు. ఒక్కో ఎత్తుకు మూడు జతలు కావాలి. ఇవి నచ్చితే ఏటా ఆర్డర్ ఇస్తామన్నారు. మేనేజరు కటింగ్ మెషిన్ దగ్గరికి వచ్చి అందరి ముందరా చెప్పారు, ఈ పని మాట రాకుండా జరిగితే కల్లావి ఆయన పర్మినెంట్ కాగితం మీద సంతకం పెడతానని.

కర్ర పొడవు ఎంచుకునే పద్ధతి ఆ బడి శిక్షకుడు ఉత్తరంలో వివరంగా రాశాడు. కర్ర మొన దగ్గర ఒక ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. మొన మంచులో ఆ చక్రం దాకా దిగబడుతుంది. అందుకని గట్టి నేల మీద కొలిచేటప్పుడు కర్రను తలకిందులు చేయాలి. పిడి నేలకు ఆనించి, చక్రానికి ఆనుకుని కింద చేత్తో పట్టుకోవాలి. అప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి నేలకు సమంగా, బల్ల మీద పెట్టినట్టు ఉంటే అదే ఆ మనిషి కర్ర. కర్ర పొడుగైతే మనిషి వెనక్కి వాలతాడు, పొట్టిదైతే ముందుకు వంగిపోతాడు. కొండ దిగేటప్పుడు రెండూ ప్రమాదమే.

పట్టిక వేసి లెక్కగట్టవచ్చునని మేనేజరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనుషులు వాడే వస్తువు, మనుషుల మీదే కొలవాలన్నాను. ఫ్యాక్టరీ అంతా తిరిగి, జాబితాలోని ఏడు ఎత్తులకూ సరిపోయే ఏడుగురిని పట్టుకొచ్చాను. అందరికంటే పొడుగు, ఆంధ్రా నుంచి వచ్చి ప్యాకింగ్‌లో చేరిన ఒకతను. అందరికంటే పొట్టి, మా క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ.

ఆ రోజు మా గది ముందు పెళ్ళి ఇల్లులా ఉంది. ఏడు జతల చెప్పులు వరసగా. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, కొలతకని చేసిన పొడవాటి నమూనా కర్రను తలకిందులుగా పట్టుకుని, చెయ్యి సమంగా పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. క్యాంటీన్ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అక్కా, నా అంత పొడుగుండే పాప మంచులో కొండ పైనించి దుమికేది నిజమేనా?"

"నిజమే. నువ్వు కదలకుండా నిలబడు."

"పడిపోతే ఎవురు ఎత్తుతారక్కా దాన్ని?"

"పడకుండా ఉండేదానికే కదమ్మా ఈ కర్ర. చెయ్యి దించొద్దు."

అప్పటి నుంచి ఆ ఏడుగురూ ఎదురుపడినప్పుడల్లా "నా కర్ర కోసినారా?" అని అడగడం మొదలుపెట్టారు. గొట్టానికి ఒకటి, పిడి బిగించిన కర్రకు ఒకటి, కొలతలు నేనే రాశాను. కింద సంతకం పెట్టి చీటీ కటింగ్‌కు పంపాను. కల్లావి ఆయన కోశాడు. గొట్టాలను నేను మళ్ళీ ఒక్కొక్కటీ కొలిచి దాటించాను. ఆ తరువాత అంచులు నునుపు చేసి, పిడులు బిగించే పని కూడా ఆయనదే. లారీ బయట నిలబడి తొందరపెడుతుండడంతో, పిడులు బిగించిన కర్రలను నేను మళ్ళీ కొలవలేదు. ఆ చిన్న సందులోనే కథంతా దూరింది.

కొండల్లో మొదటి మంచు పడ్డాక ఫిర్యాదు వచ్చింది. కర్రలు అన్నీ పొట్టిగా ఉన్నాయి, పిల్లలు ముసలివాళ్ళలా వంగి దిగుతున్నారు, ఇద్దరు ముఖం మీద పడ్డారు. శిక్షకుడే స్వయంగా వస్తున్నాడు.

మేనేజరు చెడ్డ మనిషి కాదు. కానీ ఆయన ఆలోచన నేరుగా ఒకచోటికే పోయింది. నా చేతి నుంచి దాటినప్పుడు గొట్టాలు సరిగ్గా ఉన్నాయి. తరువాత అంచులు నునుపు చేసింది ఒక్కడే. అప్పుడే ఎక్కువ కోసేశాడు. నేనూ అలాగే నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. మెషిన్ దగ్గరికి పోయి అడిగాను.

"ఏమప్పా, పర్మినెంట్ అయిపోయినట్టే అనుకోని చేతులు తొందరపడినాయా?"

ఆయన మెషిన్ ఆపాడు. "లేదమ్మా. అంచున గరుకు మాత్రమే తీసినాను. అయితే..." అని కాసేపు స్టాపర్ వంక చూశాడు. స్టాపర్ అంటే గొట్టం ఎంత పొడవు దగ్గర ఆగాలో చెప్పే ఇనుప అడ్డు, అంచులు నునుపు చేసేటప్పుడూ గొట్టాన్ని దానికే ఆనిస్తారు. "పోయిన ఏడాది ఒకతూరి ఇది పక్కకు జరిగింది కదమ్మా. మళ్ళీ జరిగిందేమో. మీరు రాసింది తప్పు పోదు. నేను కోసిందే తప్పు పోయుంటాది."

మీరు రాసింది తప్పు పోదు. అప్పుడు ఆ మాట నాకు ముద్దుగానే వినపడింది. తల ఊపి వచ్చేశాను. ఈ నెలతో ఆయన కాంట్రాక్టు ముగించాలని ఆఫీసులో అనుకుంటున్నారని ఆ మధ్యాహ్నమే తెలిసింది. పాపం అనుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

శిక్షకుడు బెంగుళూరులో రైలు దిగి, బస్సులో హోసూరు వచ్చాడు. ఎండకు కాలిపోయిన ముఖం, సన్నటి మనిషి. ఒక పొడవాటి మూటలో ఏడు సైజులకూ ఒక్కో జత కర్రలు తెచ్చాడు. భుజాన ఒక బరువైన సంచీ. నా హిందీ, ఆయన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషి మాట అయ్యేది. గుమ్మం దగ్గర బోర్డు చదవలేకపోయినా వరసగా ఉన్న చెప్పులు చూసి విషయం గ్రహించి, మర్యాదగా తన బూట్లు విప్పాడు. తరువాత సంచీలో నుంచి మరో జత బూట్లు తీశాడు. అలాంటివి నేను చూడలేదు. బొంతరాయి అంత బరువు, మందపాటి ప్లాస్టిక్, అడుగు రెండంగుళాల మందం. పిల్లలు వేసుకునేవి, చూపిద్దామని తెచ్చానన్నాడు. వాటిని చేత్తో పట్టుకుని గుమ్మంలో కాలు పెట్టాడు.

నేను అలవాటు కొద్దీ అన్నాను. "బూట్లు బయట."

అన్నాను గానీ ఆ మాట నాకే వినపడింది. ఆయన చేతిలోని బూటు అడుగు వంక చూశాను. గుమ్మం అవతల చెప్పుల వరస వంక చూశాను. ఆ రోజు ఏడుగురూ ఇదే నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడ్డారు. నేనే నిలబెట్టాను. బూట్లు వేసుకుని కొలవాలని ఆయన ఉత్తరంలో రాయలేదు. ఎందుకు రాస్తాడు? మంచులో బూట్లు లేకుండా నిలబడే మనిషి ఉంటాడని ఆయన ఊహకు కూడా వచ్చి ఉండదు. చెప్పులతో గదిలోకి వచ్చే మనిషి ఉంటాడని నా ఊహకు రానట్టే.

శిక్షకుడు నొచ్చుకోకుండా బూట్లు బయట పెట్టేశాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. మేనేజరు కర్రలు బల్ల మీద పరిచి, "కొలిచి చెప్పమ్మా, ఎంత తగ్గాయో" అన్నారు. కల్లావి ఆయన గోడ వారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కొలిచాను. మొదటి కర్ర నా చీటీలో రాసిన అంకెకు వెంట్రుకవాసి తేడా లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ అంకెలు నాకు నోటికి వచ్చు. కటింగ్ నుంచి తిరిగొచ్చిన చీటీ నా బీరువాలో ఉంది. దాన్ని చూపించమని ఎవరూ అడగలేదు. నేను రాసింది తప్పు పోదు కదా.

అప్పుడే క్యాంటీన్ ఆవిడ టీ తెచ్చింది. అందరూ తాగారు. నేను గ్లాసు పక్కన పెట్టి నాలుగో కర్రను మళ్ళీ కొలుస్తున్నట్టు నటించాను. నిజం చెప్పాలి. వాళ్ళు టీ తాగినంత సేపూ నేను లెక్క వేసుకున్నది కర్రల గురించి కాదు, నా పరువు గురించి. వచ్చే ఏడాది నాకు సీనియర్ పోస్టు రావాల్సి ఉంది. ఇరవై ఏళ్ళలో నా చీటీ ఒక్కటి వెనక్కి రాలేదు. ఈయన కాంట్రాక్టు మనిషి, ఇక్కడ కాకపోతే ఇంకో షెడ్డులో పని దొరుకుతుంది. ఇలాంటి మాటలు ఎంత చక్కగా, ఎంత వరసగా వస్తాయో మీకు తెలియకపోతే మంచిదే.

గోడ దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది. "సార్, స్టాపర్ జరిగుంటాది. తప్పు నాదే సార్. అమ్మను ఇంగ కొలవమని కష్టపెట్టొద్దండి."

నన్ను కష్టపెట్టొద్దట. అదొక్కటే నేను తట్టుకోలేకపోయాను. బీరువా తీసి చీటీ బల్ల మీద పెట్టాను.

"ఆయన కోసింది సరిగ్గానే ఉంది సార్. నేను రాసిందే తప్పు" అన్నాను.

మేనేజరుకు అర్థం కాలేదు. చెబితే అర్థమయ్యేది కాదు. నేనే బయటికి పోయి ఆ బరువైన బూట్లు రెండు చేతులతో ఎత్తి లోపలికి తెచ్చాను. నా గది నేల మీద, అమ్మవారి పటం ముందు పెట్టాను. క్యాంటీన్ ఆవిడను పిలిచి వేసుకోమన్నాను.

"ఈ గదిలోనా? నేనొల్లనక్కా!" అంది భయంగా.

"నేనే కదమ్మా చెప్తా ఉండేది. వేసుకో."

ఆవిడ వాటిలో కాళ్ళు దూర్చి, మేనేజరు భుజం పట్టుకుని నిలబడింది. ఆయన పాపం కదలకుండా ఊతమిచ్చారు. ఆమె కర్రను తలకిందులు చేసి చేతికిచ్చాను. సమంగా ఉండాల్సిన చెయ్యి కిందికి జారి ఉంది. రెండంగుళాల మందం చెక్క ముక్క ఒకటి తెచ్చి కర్ర కింద పెట్టాను. చెయ్యి బల్ల మీద పెట్టినట్టు సమంగా వచ్చింది.

శిక్షకుడు ముందు నవ్వాడు. తరువాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. అది తను రాయాల్సిన మాటే, రాయలేదు అన్నాడు. మంచి మనిషి. కానీ అది ఆయన తప్పు కాదని నాకు తెలుసు. అడగాల్సింది నేను.

మేనేజరు తల పట్టుకుని కూర్చున్నారు. ఇరవై ఒక్క జతలూ మళ్ళీ చేయాలి, అక్కడ చలికాలం సగం అయిపోతుంది, ఇక ఏటా ఆర్డర్ మాట దేవుడెరుగు. కల్లావి ఆయన మెల్లగా బల్ల దగ్గరికి వచ్చాడు. జతకొకటి చొప్పున ఏడు కర్రలను పొడవు వరసలో పేర్చాడు. ఒక కర్రకూ పక్క కర్రకూ మధ్య తేడాను బొటనవేలితో తడిమి చూశాడు.

"అమ్మా, ఒక్కో సైజుకూ తేడా రెండంగుళాలే కదా. అన్నీ రెండంగుళాలే కదా తగ్గినేది. అట్లయితే ఒక మెట్టు కిందికి జరిపేస్తే సరి. పొడుగాయన కర్ర ఆయన కంటే కింద ఉండేవాళ్ళకిచ్చేది. వాళ్ళది ఇంగా కింద ఉండేవాళ్ళకి. ఆడ పైన ఒక్క సైజు మాత్రం కొత్తగా కోయల్ల. మూడే జతలు. సాయంత్రానికి కోసిస్తాను."

శిక్షకుడికి నేను వచ్చీరాని హిందీలో చెప్పేలోపే ఆయన కర్రల వరస చూసి తలాడించాడు. ప్యాకింగ్ అతన్ని పిలిపించి, నిలబెట్టి మళ్ళీ కొలిచాం. పిల్లల బూట్లు అతని కాళ్ళకు పట్టకపోతే బూటు అడుగంత మందం చెక్కల మీద నిలబడ్డాడు. ఈసారి చీటీ మీద నా సంతకం పక్కన కల్లావి ఆయన సంతకం కూడా పెట్టించాను. ఆ సాయంత్రమే శిక్షకుడు మూడు జతల కొత్త కర్రలతో బస్సెక్కాడు. ఎవరికీ పనికిరాకుండా మిగిలినవి అన్నింటికంటే పొట్టివి. తెచ్చిన ఆ ఒక్క జతనూ మాకే వదిలేసి పోయాడు.

కల్లావి ఆయన కాగితం మీద మేనేజరు వెంటనే సంతకం పెట్టలేదు. ఆఫీసు పనులు అంత చక్కగా జరిగితే నేను ఇంత రాయాల్సిన పని లేదు. ఆరు నెలలు తిప్పారు. నేను వారానికొకసారి పోయి గుర్తుచేసేదాన్ని. నన్ను చూడగానే మేనేజరు, "వచ్చేశావా తల్లీ" అని నిట్టూర్చేవారు. చివరికి అయింది. ఆ జూన్‌లో ఆయన ఇద్దరు కూతుళ్ళూ మూకండపల్లి బడిలో చేరారు. నాకు రావాల్సిన సీనియర్ పోస్టు ఇంకొకరికి పోయింది. బాధపడ్డాను. బాధపడలేదని రాస్తే మీరు నమ్మరు. బోర్డు మాత్రం తీయలేదు, గీతలు గీతలే కదా. దాని కింద ఒక వాక్యం చేర్పించాను: మనుషులను కొలిచేటప్పుడు తప్ప.

ఆర్డరు మరి రెండేళ్ళు వచ్చింది, తరువాత ఆగింది. క్యాంటీన్ ఆవిడ ఏటా చలికాలంలో అడిగేది, "నా పాప ఎట్లుండాదో అక్కా" అని. బాగుందని చెప్పేదాన్ని. బాగుండే ఉంటుంది.

రిటైరైన రోజు ఆ మిగిలిన జత కర్రలను రిబ్బను కట్టి నాకు బహుమతిగా ఇచ్చారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏళ్ళ తరబడి అవి అటక మీద పడి ఉన్నాయి. మొన్న మోకాలు మొరాయించి, డాక్టరు చేతికర్ర వాడమన్నాక ఎవరు చెప్పారో ఏమో, కల్లావి ఆయన మత్తిగిరికి వచ్చాడు. ఆయనా రిటైరయ్యాడు. ఒక సంచీలో చిన్న రంపం, ఆకురాయి, కర్ర కొనకు తొడిగే రబ్బరు బుడిపె తెచ్చుకున్నాడు.

"ఆ కర్రలు ఉండాయి కదమ్మా? ఒకటి కోసి చేతికర్ర చేసిస్తాను. మీరు నిలబడండి."

గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన కింద కూర్చుని కర్రను నా చేతి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళుగా చెప్పనిది అప్పుడు చెప్పాను.

"ఆ పొద్దు నాకు ముందే తెలుసప్పా. ఆయన బూట్లు పట్టుకోని గుమ్మంలోకి వచ్చినప్పుడే తెలిసిపోయింది. నువ్వు తప్పు నాదే అనేదాకా నోరు తెరవలేదు నేను."

ఆయన తలెత్తలేదు. పెన్సిలు చెవి మీద నుంచి తీశాడు.

"తెలుసమ్మా. మీరు టీ తాగలేదు. చల్లారిపోయి పైన మీగడ కట్టేసింది. రోజూ పొగలు పోతా ఉండగానే తాగేస్తారు కదా మీరు. అప్పుడే అనుకున్నాను, అమ్మకు ఏదో తెలిసిందని."

"మరి తెలిసే, తప్పు నాదని ఎందుకు చెప్పినావు?"

"మీరు చెప్తారని" అన్నాడు.

ఆయన కర్ర మీద గుర్తు పెట్టబోయి ఆగాడు. నా ఒట్టి పాదాల వంక చూశాడు. లేచి గుమ్మం దాకా పోయి, నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు.

"తొడుక్కోండమ్మా" అన్నాడు. "తొడుక్కున్నంక కొలుస్తాను."